120 రూపాయల చికెన్ రైస్‌లో చికెన్ ఎంత, మంట ఎంత

ముగ్గురు కుర్రాళ్లు నన్ను అడిగినది ఇది. వాళ్లు విజయనగరం బాలాజీ జంక్షన్ దగ్గర రూములో ఉంటారు. వారంలో నాలుగు రాత్రులు ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర చికెన్ రైసే భోజనం. చదువుకునే రోజుల్లో 70 రూపాయలున్న ప్లేటు ఇప్పుడు 120 అయింది. ఎగ్ రైస్ 80. డెలివరీ యాప్‌లో అయితే అదే చికెన్ రైస్ 160, పైన చార్జీలు. ఇంకా ఈ డబ్బుకి ఫాస్ట్‌ఫుడ్ గిట్టుతుందా, ఇంట్లో చేస్తే అన్నం ఎందుకు ముద్దయిపోతోంది అన్నవి రెండు ప్రశ్నలు.

ముందు జవాబు చెప్పేస్తాను. బండి దగ్గర నిలబడి, బాండీలోంచి ప్లేటులో పడగానే తినే ఎగ్ రైస్ ఇప్పటికీ గిట్టుతుంది. చికెన్ రైస్ అంతంతమాత్రం. పార్సిల్ కట్టించుకున్న మంచూరియా గిట్టదు. యాప్‌లో తెప్పించుకున్న నూడుల్స్ అసలు గిట్టవు. ఒకే బండి, ఒకే మాస్టర్, ఇంత తేడా ఎందుకంటే మీరు డబ్బు ఇస్తున్నది సరుకుకి కాదు, మంటకీ చేతికీ. ఆ రెండూ వేడి తగ్గిన పది నిమిషాలకి ప్లేటులో మిగలవు.

అమెరికాలో ఈ ప్రశ్న బర్గర్ గురించి అడుగుతారు. అక్కడ మెక్‌డొనాల్డ్స్ బిగ్ మ్యాక్ సగటు ధర 2019లో 4.39 డాలర్లు ఉంటే 2024కి 5.29 అయిందని ఆ కంపెనీ అమెరికా విభాగం అధ్యక్షుడే బహిరంగ లేఖ రాసి వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మన దగ్గర ఫాస్ట్‌ఫుడ్ అంటే బర్గర్ కాదు. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో అడిగినా, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర అడిగినా చెయ్యి చూపించేది ఇనుప బాండీ, ఎర్రటి సాస్ సీసాలు, భగభగమనే స్టవ్ ఉన్న బండివైపే. అందుకే లెక్క కూడా ఆ బండి మీదే వేద్దాం.

ఎగ్ రైస్ ఫుల్ ప్లేటు తీసుకోండి. అందులో పడే బియ్యం 130 గ్రాములు, వండితే 330, 340 గ్రాముల అన్నం అవుతుంది. కిలో 50 చొప్పున ఆరున్నర రూపాయలు. రెండు గుడ్లు, ఒక్కోటి 7 అనుకుంటే 14. నూనె 35 మిల్లీలీటర్లు, లీటరు 140 చొప్పున 5 రూపాయలు. క్యాబేజీ, క్యారెట్, బీన్స్ కలిపి 4. సోయా సాస్, వెనిగర్, మిరియాల పొడి, కారం, మసాలా, టేస్టింగ్ సాల్ట్ అన్నీ కలిపి మూడున్నర. మొత్తం సరుకు 33 రూపాయలు. మీ దగ్గర రేట్లు రూపాయో రెండో అటూ ఇటూ ఉండొచ్చు, కానీ వాటాలు మారవు.

ఇప్పుడు సరుకు కాని ఖర్చు. 19 కిలోల కమర్షియల్ సిలిండర్ 1,850 అనుకుని, దాంతో 280 ప్లేట్లు తీస్తే ప్లేటుకి ఆరున్నర. మాస్టర్‌కి రోజుకి 900, హెల్పర్‌కి 500, సాయంత్రం మొత్తం 80 ప్లేట్లు అమ్మితే ప్లేటుకి పదిహేడున్నర. చోటు అద్దె, లైటు, నీళ్లు, ఐస్ కలిపి 5. ఇది 29. మొత్తం 62 అయింది, మీరిచ్చేది 80. ఆ మిగిలిన 18 లోంచే వాన పడి బండి తియ్యని రోజూ, రాత్రి పదకొండింటికి పారబోసిన అన్నమూ, చేతికి రాని అప్పుపద్దులూ వెళ్లాలి. ఎగ్ రైస్ మీద బండివాడు మేడలు కట్టడం లేదు.

చికెన్ రైస్‌కి వద్దాం. చాలా బళ్ల మీద ఇందులో పడేది ఒక గుడ్డే. కాబట్టి 33 లోంచి 7 తీసేస్తే 26. దాని మీద బోన్‌లెస్ 60 గ్రాములు, కిలో 340 చొప్పున 20 రూపాయలు. కార్న్‌ఫ్లోర్, మైదా, వేపడానికి నూనె ఇంకో 5. సరుకు 51, మిగతా ఖర్చు అదే 29. మొత్తం 80కి తయారైన ప్లేటు 120కి అమ్ముడుపోతుంది. మిగులు 18 నుంచి 40కి ఎగబాకింది. మీవైపు నుంచి చూస్తే, ఎగ్ రైస్ కంటే ఎక్కువ ఇచ్చిన 40 రూపాయలకి మీకొచ్చింది 60 గ్రాముల చికెన్, పోయింది ఒక గుడ్డు.

దీనికి తేలికైన విరుగుడు ఉంది. ఎగ్ రైస్ చెప్పి ఇంకో గుడ్డు వెయ్యమనండి. అదనపు గుడ్డుకి 15 తీసుకున్నా 95 అవుతుంది. మూడు గుడ్లలో 18 గ్రాముల మాంసకృత్తులు, అన్నంలో ఇంకో 9. చికెన్ రైస్‌లో ఒక గుడ్డు 6, చికెన్ 13, అన్నం 9. అంటే 27కి 28. ఒక్క గ్రాము తేడా కోసం 25 రూపాయలు ఇస్తున్నారన్నమాట. చికెన్ ముక్క పంటికి తగలాలన్న కోరికకి ధర కట్టలేం గానీ, కడుపు లెక్క ఇది.

70 నుంచి 120కి ఎలా వెళ్లిందన్నది కొంచెం వేరే కథ. అందరూ నూనె అంటారు. నూనె ధరలు ఎగిసిన మాట నిజమే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం, దాని వెంట ఏప్రిల్ 28 నుంచి మే 23 వరకు ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపెయ్యడం ఒక దెబ్బ. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకాన్ని 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచడం రెండో దెబ్బ. 2025 మే చివర దాన్ని 16.5 శాతానికి దించారు. అయినా పై లెక్కలో చూడండి, రైస్ ప్లేటులో నూనె వాటా 5 రూపాయలే. నూనె రెట్టింపైనా ప్లేటు 5 రూపాయలు పెరగాలి, అంతే. అసలు పెరిగింది కూలీ, గ్యాస్, చికెన్. చెయ్యి తిరిగిన మాస్టర్‌ని విశాఖ లాగేస్తుంది, హైదరాబాద్ లాగేస్తుంది. శ్రీకాకుళంలో నిలబెట్టుకోవాలంటే అక్కడి కూలికి దగ్గరగా ఇవ్వాలి. కూలీ ఒకసారి పెరిగాక తగ్గదు కాబట్టి, నూనె దిగినా ప్లేటు ధర దిగదు.

నూనె నిజంగా లెక్కకొచ్చేది మూకుడులో వేగేవాటికి. మంచూరియా, చికెన్ 65, పకోడీ, లాలీపాప్ ఇవన్నీ. నూనె ప్రియమైనప్పుడు బండివాడు ధర పెంచడానికి ముందు చేసే పని అదే నూనెని ఇంకో రోజు వాడడం. వేగిన నూనె చెడిందా లేదా అన్నదానికి ఆహార భద్రత సంస్థ ఒక కొలత పెట్టింది. నూనె మళ్లీ మళ్లీ కాగితే అందులో పుట్టే పోలార్ పదార్థాలు మొత్తం 25 శాతం దాటితే దాన్ని వంటకి వాడకూడదు. ఇది 2018 జూలై 1 నుంచి అమల్లో ఉంది. దీనికి మీటరు ఉంటుంది, మీ దగ్గర ఉండదు. కంటితో చూసేవి చాలు: ముక్క వెయ్యగానే పైన సబ్బునురగలా తెట్టు కట్టి అణగకపోవడం, మంట మామూలుగా ఉన్నా పొగ రావడం, మూకుడు అంచున జిగురు చారలు, నూనె రంగు చిక్కటి టీ డికాషన్‌లా ఉండడం. ఇందులో రెండు కనపడితే ఆ రాత్రికి వేగినవి మానెయ్యండి. బాండీలో వేసే రైస్‌కి సాధారణంగా ప్యాకెట్ నూనె వేరేగా వాడతారు. కొన్ని బళ్ల మీద మాత్రం ముక్కలు వేపిన నూనెనే గరిటెతో తీసి రైస్‌లో పోస్తారు. రుచి వస్తుందని వాళ్ల వాదన. రుచి వచ్చే మాట నిజమే, నూనె కొత్తదైతే.

మంచూరియా గిట్టదని ఎందుకన్నానంటే, అది రెండు వంటలు. ముందు పిండి పట్టించి వేపడం, తర్వాత సాస్‌లో తిప్పడం. బండి తెరిచే ముందే, నాలుగైదు గంటలకే, మొదటి వేపుడు అయిపోతుంది. మీరు చెప్పినప్పుడు రెండోసారి నూనెలో ముంచి సాస్‌లో వేస్తారు. అందుకే ఎనిమిదింటికి వెళ్లి 'రంగు వెయ్యకండి' అంటే మాస్టర్ తల ఊపుతాడు గానీ లాభం ఉండదు, రంగు మధ్యాహ్నమే పిండిలో కలిసిపోయింది. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల్ని నిషేధించింది. పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే రంగుని కూడా అప్పుడే నిషేధించారు. తిన్న తర్వాత వేలికి అంటిన ఎరుపు నీళ్లతో కడిగినా గులాబీ రంగులో మిగిలిపోతే అది కారం రంగు కాదు. కారం, కాశ్మీరీ మిర్చి రంగు నూనెలో దిగుతుంది, ఎర్రటి చాయ మీద కొంచెం గోధుమ వన్నె ఉంటుంది.

తూకం సంగతి కూడా చెప్పాలి. గోబీ మంచూరియా ప్లేటులో గోబీ సగం, పిండి సగం. అదే చికెన్ మంచూరియా అయితే ప్లేటుకి 100, 120 గ్రాముల చికెన్ దాటడం అరుదు. ఒక ముక్క విరిచి చూడండి. పిండి పొర గోరు మందం కన్నా ఎక్కువ ఉంటే మీరు కొన్నది మైదా. పార్సిల్ కడితే ఆ పొరకి సాస్ పట్టి, పది నిమిషాల్లో చల్లారిన మైసూర్ బొండాలా అయిపోతుంది. తప్పనిసరిగా పార్సిలే కావాలంటే 'డ్రై' చెప్పి, సాస్ వేరే కట్టించుకోండి. ఇంటికెళ్లాక డబ్బా మూత వెంటనే తీసేయండి.

రైస్ పార్సిల్ అంత పాడవదు గానీ దానికీ పద్ధతి ఉంది. సిల్వర్ కవరులో కట్టి మూతి బిగిస్తే ఆవిరి నీళ్లై అన్నం మీదే పడుతుంది. మూతి ఒక వేలు వెడల్పు వదిలి కట్టమనండి. స్టీల్ క్యారేజీ గిన్నె పట్టుకెళ్తే ఇంకా మేలు, డబ్బాకి తీసుకునే 10 రూపాయలు కూడా మిగులుతాయి. న్యూస్‌పేపరులో కడితే తీసుకోవద్దు. అచ్చు సిరా తిండికి అంటుతుందని 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే దాన్ని కూడదన్నారు. వేడి గ్రేవీ పల్చటి పాలిథీన్ కవరులో పోయించుకోవడం కూడా అంతే. నూడుల్స్ పార్సిల్ విషయంలో నాకు కనికరం లేదు. పావుగంటలో ముద్దకట్టి, చెంచాతో కోసుకు తినాల్సి వస్తుంది. అక్కడే తినండి, లేకపోతే మానండి.

హాఫ్, ఫుల్ దగ్గర చాలామంది మోసపోతారు. దీన్ని మోసం అనడం కూడా సరికాదు, లెక్క చూసుకోకపోవడమే. ఫుల్ ఎగ్ రైస్ పొయ్యి దిగాక 450 గ్రాములకి అటూ ఇటూ తూగాలి. హాఫ్ 270 దాకా. హాఫ్ 55, ఫుల్ 80 అనుకుంటే ఇద్దరు రెండు హాఫ్‌లు తింటే 110. ఒక ఫుల్ చెప్పి ఇంకో గుడ్డు వేయించుకుని రెండు ప్లేట్లలో సర్దుకుంటే 95. అన్నం కొంచెం తగ్గుతుంది, గుడ్డు తగ్గదు. ఒకసారి పార్సిల్ తెచ్చి వంటింటి తూకం మీద పెట్టండి. 400 కన్నా తక్కువ ఉంటే బండి మార్చడానికి అదొక్కటే కారణం చాలు.

వెళ్లే వేళ కూడా చూసుకోవాలి. జనం కిక్కిరిసిన బండి మంచిదని అంటారు, సగమే నిజం. జనం ఉంటే అన్నం నిలవ ఉండదు, అది మంచిదే. కానీ ఎనిమిదిన్నరకి రద్దీ పెరిగాక మాస్టర్ నాలుగు ప్లేట్లు ఒకే బాండీలో వేస్తాడు. అప్పుడు అన్నం వేగదు, ఉడుకుతుంది. బాండీ ఎంత వేడిగా ఉన్నా కిలోన్నర చల్లటి అన్నం ఒకేసారి పడితే ఆ వేడి చచ్చిపోతుంది. ఏడు, ఏడున్నర మధ్య వెళ్తే ఒకటి రెండు ప్లేట్ల చొప్పున తిప్పుతాడు, మూకుడులో నూనె కూడా ఇంకా తేటగా ఉంటుంది. పది దాటాక వెళ్లొద్దు. కారణం ఇంకోటి ఉంది, అది డబ్బు లెక్క కాదు.

వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా ఉంటుంది. బియ్యంతోపాటే వస్తుంది, దాని బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, విషాన్ని వదులుతాయి. ఆ విషం వేడికి విరగదు. అంటే భగభగమనే మంట మీద మళ్లీ వేపినా అది అలాగే ఉంటుంది. వాసన రాదు, రుచి మారదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి. వైద్యులు దీనికి 'ఫ్రైడ్ రైస్ సిండ్రోమ్' అని పేరే పెట్టారు. కాబట్టి చూడాల్సింది స్టవ్ కాదు, అన్నం పెట్టిన డబ్బా. వెడల్పు ట్రేలో పల్చగా ఆరబోసి ఉందా, లేక మూత పెట్టిన లోతు డ్రమ్ములో ఆవిరి కారుతూ ఉందా? లోతు డ్రమ్ములో మధ్య అన్నం సాయంత్రం మొత్తం గోరువెచ్చగానే ఉంటుంది, బాక్టీరియాకి కావలసింది అదే. మే నెల ఉక్కపోతలో ఈ తేడా చాలా పెద్దది.

మయోనైజ్ వేసే షవర్మా, మోమోలకీ ఇదే జాగ్రత్త. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ని తెలంగాణ 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించిందంటే ఊరికే కాదు. ఐస్ పెట్టెలో కాకుండా బల్ల మీద సీసాలో నిలబెట్టిన మయోనైజ్ వద్దనండి.

టేస్టింగ్ సాల్ట్ గురించి భయపడేవాళ్లకి ఒక మాట. అజినోమోటోలో సోడియం 12 శాతం, మామూలు ఉప్పులో 39 శాతం. చిటికెడు టేస్టింగ్ సాల్ట్ విషం కాదు. ఫుల్ ప్లేటులో ఉప్పు, సోయా సాస్, అది, పైన పోసే సాస్ అన్నీ కలిపితే రోజుకి సరిపడే 5 గ్రాముల ఉప్పుకి దగ్గరకి వచ్చేస్తాం. దాహం వేసేది అందుకు. 'ఉప్పు తగ్గించి, సోయా తక్కువ' అని ముందే చెప్తే చాలు, ఇది మాత్రం మాస్టర్ అప్పటికప్పుడు చెయ్యగలిగిన పని.

బండి మీద ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నంబరు ఉందేమో చూడండి. 14 అంకెలు ఉంటాయి. చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్ అయితే 2తో, లైసెన్స్ అయితే 1తో మొదలవుతుంది. నంబరు ఉన్నంత మాత్రాన అన్నం తాజాది అయిపోదు గానీ, ఏదైనా జరిగితే ఫిర్యాదు ఎవరి మీద చెయ్యాలో ఉంటుంది. ఏసీ హోటల్లో కూర్చుంటే బిల్లు మీద 5 శాతం జీఎస్టీ ఉంటుంది. చిన్న వ్యాపారులు తమ అమ్మకాల మీద తామే పన్ను కట్టుకునే కాంపోజిషన్ పథకంలో ఉన్న హోటలు మీ దగ్గర వేరేగా పన్ను వసూలు చెయ్యకూడదు. బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు లేకుండా పన్ను గీత ఉంటే అడగండి.

యాప్ సంగతి. 160 చూసి హోటలువాడు దోచేస్తున్నాడనుకుంటారు. ఆర్డరు మీద యాప్ కమిషన్ 25 శాతం అనుకోండి. 160లో 40 పోతే హోటలుకి చేరేది 120. అంటే బండి ధరే. ఆ తర్వాత మీ తల మీద పడేవి ఇవి: ప్యాకింగ్ 10, రైస్ 160, ప్యాకింగ్ 10 రెండింటి మీద 5 శాతం పన్ను, అన్నీ కలిపి 178 దాటింది. డెలివరీ 30, ప్లాట్‌ఫామ్ ఫీజు 15 అనుకుంటే వాటి మీద 18 శాతం పన్నుతో 53. మొత్తం 231 దాటింది. బండి దగ్గర 120. పైగా అరగంట మూతపెట్టిన డబ్బాలో కూర్చుని వస్తుంది. ఇందాక చెప్పిన మంట, చెయ్యి రెండూ దారిలో పోయాయి, మీరు మాత్రం వాటికి రెట్టింపు ఇచ్చారు. వాన కుమ్మేస్తున్న రాత్రి, ఒంట్లో బాగోలేని రాత్రి తప్ప యాప్ లెక్క కుదరదు. అప్పుడైనా బిరియానీ చెప్పుకోండి, దమ్ము మీద ఉన్నది కాబట్టి డబ్బాలో పాడవదు.

పిజ్జా చెయిన్లలో ఆఫర్ లేని రోజు వెళ్లడం దండగ. పిజ్జా సైజు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: 7 అంగుళాల పిజ్జా కన్నా 10 అంగుళాలది సగానికి కొంచెం తక్కువ పెద్దదిలా కనపడుతుంది, నిజానికి రెండింతలు. ఏడేళ్లు నలభై తొమ్మిది, పదిపదులు వంద. కాబట్టి 10 అంగుళాల మీడియం ధర 7 అంగుళాల రెగ్యులర్‌కి రెండింతల కన్నా తక్కువ ఉంటే రెండు రెగ్యులర్లు ఎప్పుడూ కొనకండి.

అదే డబ్బుకి ఇంకేం వస్తుంది అని కూడా చూడాలిగా. మెస్సులో 100, 110కి అన్నం, పప్పు, కూర, వేపుడు, సాంబారు, పెరుగు పెడతారు, అన్నం మారు వేస్తారు. చికెన్ రైస్‌లో కూర ముక్క గుప్పెడు కూడా ఉండదు. అన్న క్యాంటీన్లో పూట భోజనం 5 రూపాయలు, రాత్రి కూడా ఉంది. అక్కడికి వెళ్లడానికి మొహమాటపడే ఉద్యోగస్తులు ఉన్నారు, అది వాళ్లిష్టం. సాయంత్రం ఆకలి ఆపుకోడానికైతే మంచూరియా కన్నా మరమరాలతో కలిపే మురీ మిక్చరు నయం: వేగేది ఉండదు, నిమ్మకాయ, ఉల్లిపాయ, టమాటా మీ కళ్లెదుటే తరుగుతాడు.

మీ ముగ్గురి లెక్క వేస్తే, నాలుగు రాత్రులు చికెన్ రైస్ అంటే వారానికి 1,440. రెండు రాత్రులు మూడు గుడ్ల రైస్ బండి దగ్గర 570, ఒక రాత్రి మెస్సు 300, ఒక రాత్రి రూములో మీరే చేసుకుంటే 105. మొత్తం 975. నెలకి 2,000 మిగులుతుంది, బండికి వెళ్లడం కూడా మానక్కర్లేదు.

ఇక ఆ రూములో చేసేది ముద్ద ఎందుకవుతోందో చూద్దాం. మూడు కారణాలు, ఈ వరసలోనే: అన్నం తడి, పొయ్యి చిన్నది, ముగ్గురికీ ఒకేసారి వెయ్యడం.

అన్నం ఎప్పుడూ పాత బియ్యంతో, ఉదయమే వండాలి. ముగ్గురికి 400 గ్రాములు. మూడుసార్లు కడిగి ఇరవై నిమిషాలు నానబెట్టి, మూడు లీటర్ల మరిగే నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా నూనె వేసి వండండి. మెతుకు నొక్కితే నడుమ చిన్న పలుకు తగలాలి, అప్పుడే గంజి వార్చెయ్యాలి. కుక్కర్లో అయితే గ్లాసుకి రెండు గ్లాసులు పొయ్యకుండా గ్లాసున్నరతో ఆపండి. వార్చిన అన్నాన్ని పెద్ద పళ్లెంలో పల్చగా పరిచి ఫ్యాన్ కింద అరగంట ఉంచి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టండి. అన్నం వేడిగా ఉండగా మూత పెడితే చేసిన పనంతా వృథా, ఆవిరి మళ్లీ మెతుకుల్లోకే దిగుతుంది. ఫ్రిజ్ లేకపోతే ఉదయం వండొద్దు, వేపడానికి గంట ముందు వండి ఫ్యాన్ కింద ఆరబెట్టండి. ఇందాక చెప్పిన బాక్టీరియా మీ రూములో కూడా ఉంటుంది.

నాన్‌స్టిక్ పక్కన పెట్టండి. ఖాళీగా అంత వేడి చేస్తే దాని పూత పాడవుతుంది. పల్చటి ఇనుప బాండీ, అడుగుభాగం వెడల్పుగా ఉన్నది కొనండి. ఇంటి స్టవ్ పెద్ద బర్నర్ కూడా బండి స్టవ్ ముందు దీపం లాంటిదే. ఆ లోటుని కొంతవరకు పూడ్చేది ముందుగా కాల్చడమే. ఖాళీ బాండీని ఎక్కువ మంట మీద మూడు నాలుగు నిమిషాలు, పల్చటి పొగ వచ్చేదాకా కాల్చాలి. రెండు పెద్ద చెంచాల నూనె పోసి తిప్పి, రెండు గుడ్లు కొట్టి, ముప్పావు గట్టిపడగానే చిదిమెయ్యండి. సన్నగా తరిగిన క్యాబేజీ గుప్పెడు, క్యారెట్, బీన్స్ కొంచెం వేసి అర నిమిషం వేపాలి. ఉప్పు ఇప్పుడు వెయ్యకూడదు, వేస్తే క్యాబేజీ నీరు వదిలి అన్నం తడుస్తుంది. అన్నం 330 గ్రాములు వేసి, అట్లకాడ వీపుతో బాండీకి నొక్కి ఇరవై సెకన్లు కదపకుండా ఉంచి, తిరగెయ్యండి. ఇలా నాలుగైదు సార్లు. బండి దగ్గర వచ్చే ఆ మాడు వాసన ఇక్కడే పుడుతుంది, ఊరికే కలుపుతూ ఉంటే రాదు.

అప్పుడు చిన్న చెంచాతో ముప్పావు చెంచా ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, పావు చెంచా కారం. సోయా సాస్ ఒక్క చెంచా, అన్నం మీద కాదు, బాండీ అంచు మీద పొయ్యాలి. కాలిన ఇనుముకి తగిలి చుంయ్‌మని పొంగితే రుచి వస్తుంది, అన్నం మీద పోస్తే నల్లటి మరకలు, చేదు మిగులుతాయి. పొయ్యి ఆపాక చెంచా వెనిగర్, ఉల్లికాడలు. చికెన్ కావాలంటే 80 గ్రాముల బోన్‌లెస్ చిన్న ముక్కలు ముందు విడిగా వేపి పెట్టుకుని, అన్నంతోపాటు కలపండి. పిండి పట్టించే పనే లేదు.

ఇది ఒక ప్లేటు. రెండో ప్లేటుకి బాండీని గుడ్డతో తుడిచి, మళ్లీ రెండు నిమిషాలు కాల్చాలి. ముగ్గురికీ ఒకేసారి వేసేద్దామని చెయ్యి లాగుతుంది, ఆకలి మీద ఉన్నప్పుడు మరీను. మూడుసార్లే వెయ్యండి. ఒక్కో ప్లేటు దిగగానే ఒక్కొక్కరు తినేయాలి, ముగ్గురూ కలిసి కూర్చుందామని గిన్నె మీద మూత పెడితే మళ్లీ ముద్దే. వండినవాడిది చివరి ప్లేటు. అప్పటికి బాండీ బాగా కాలి ఉంటుంది కాబట్టి ఆ మూడింటిలో బాగా కుదిరేది అతనిదే.